ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు

సహస్ర జడ సగంలో వదిలేసి, కాళ్ళకు రెండు రకాల చెప్పులతో మూడంతస్తులు దిగింది. కింద శరత్ మెట్లు తుడుస్తున్నాడు. జర్మనీలోని జీగెన్ ఊళ్ళో, ఆ పాత ఇంట్లో వారానికొకరు మెట్లు తుడవాలని రూలు. తన వంతు కాని వారం కూడా తుడిచే మనిషి అతనొక్కడే.

"శరత్ గారూ, డబ్బాల మీద పేరు లేని ఉత్తరాలు ఈ కిటికీలో పెట్టిపోతుంటారు కదా. నాకొకటి రావాలి. చూశారా?"

"సహస్ర పేరు మీద ఏం రాలేదండి. నేను రోజూ చూస్త."

'రోజూ' అన్నాక అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇంకోరోజైతే ఆమె ఆ చెవుల సంగతి తేల్చేది.

"వేరే పేరుతో?"

"ఒకటొచ్చింది. ఎవరో అబ్బాయిది. పాత కిరాయిదారు అనుకున్న. 'ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు' అని కవరు మీద రాసి, మళ్ళ పోస్టు డబ్బాల ఏసిన." ఎంతో చక్కటి పని చేసినవాడిలా నవ్వాడు. "లేకుంటే చెత్త జమైతది గదా."

సహస్ర గోడకు ఆనుకుంది. చేతిలోని ఫోనులో వీసా ఆఫీసు నుంచి వచ్చిన మెయిలు ఉంది. పంపిన ఉత్తరం తిరిగి వచ్చింది, మీరు ఆ చిరునామాలో లేరు, కాబట్టి వీసా పొడిగింపుకు మీకిచ్చిన టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, రద్దు. వీసా శుక్రవారంతో అయిపోతుంది. ఇవాళ మంగళవారం.

"అది నాదే."

"మీదెట్ల? అది అబ్బాయి పేరు."

చెప్పాలా వద్దా అని ఆలోచించే తీరిక లేదు. "పాస్‌పోర్టులో నేను అబ్బాయినే. అమ్మాయినని ఒంగోల్లో మా వాళ్ళకు చెప్పాను, ఇక్కడ యూనివర్సిటీకి చెప్పాను, డాక్టరుకు చెప్పాను. పాస్‌పోర్టుకే ఇంకా తెలియదు."

శరత్ తను అప్పుడే తుడిచిన మెట్టు మీద కూలబడ్డాడు. మెట్టు తడిగా ఉంది. అయినా లేవలేదు.

"అంటే నేను వాపస్ పంపింది మిమ్మల్నా?"

తన ఉత్తరాల డబ్బా మీద రెండు పేర్లూ అంటించమని క్లాస్‌మేట్ సదియా చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆ పాత పేరును తన గుమ్మంలో చూడటానికి సహస్ర ఒప్పుకోలేదు. ఆ మొండితనం ఇంత పని చేస్తుందని అనుకోలేదు.

"టెర్మిన్ పోతే ఏమైతది?"

"వీసా పోతుంది. దానితో ఇన్సూరెన్సు పోతుంది. అది పోతే ఏడు నెలలుగా జరుగుతున్న ట్రీట్‌మెంటు ఆగిపోతుంది. ఆపైన ఒంగోలే. నన్ను మగాడిని చేస్తానని మా బాబాయి పదకొండు రోజులు గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. ఈసారి తాళం కొంటాడు."

బస్సు టైములు చెప్పినంత మామూలుగా చెప్పింది. శరత్ చేతిలోని గుడ్డ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"నేనేం చెయ్యాల్నో చెప్పండి."

"జర్మన్‌లో ఒక కాగితం రాయాలి. పొరపాటు మీదని, ఈ మనిషి ఈ ఇంట్లోనే ఉంటుందని."

"నా జర్మన్ అంతంత మాత్రమేనండి."

"కవరు మీద రాయడానికి బాగానే వచ్చిందిగా!"

సాయంత్రం కింది వంటింట్లో కూర్చుని అతను నాలుగుసార్లు రాశాడు, ఆమె నాలుగుసార్లు దిద్దింది. మధ్యలో టీ ఇస్తూ అడగనే అడిగింది. "నా పేరు మీద ఉత్తరాలు రోజూ ఎందుకు చూస్తారు?"

"మీ డబ్బా తోవలనే ఉంటది గదా."

"మీ గది ఇటువైపు. నా డబ్బా అటువైపు."

శరత్ టీని అవసరానికి మించి ఊదాడు. "డబ్బా మీద మీ పేరు మంచిగ రాసిండ్రు. చూడబుద్ధయితది."

మర్నాడు పొద్దున ఇద్దరూ ఒకే గొడుగులో వీసా ఆఫీసుకు వెళ్ళారు. జీగెన్‌లో వాన ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తుండదు. గార్డు కాగితమూ పాస్‌పోర్టూ లోపలికి పంపి, కూర్చోమన్నాడు. టెర్మిన్ లేనివాళ్ళకు నంబరు ఉండదు. పేరు పెట్టి పిలుస్తారు.

ఎదుటి వరుసలో శరత్ క్లాస్‌మేట్లు విక్రాంత్, రవి కుమార్ కూర్చుని ఉన్నారు. విక్రాంత్‌కు తెలిసిన సంగతి మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపులో మూడొందల మందికి తెలుస్తుంది.

శరత్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఆ పేరు పిలిస్తే నేను లేస్త. నాదే అనుకుంటరు."

"వాళ్ళకు మీ పేరు తెలుసు."

"పాస్‌పోర్టుల మా తాత పేరు ఉందని చెప్త."

ఆమెకు నవ్వాగలేదు. తర్వాత అతన్ని తీరిగ్గా చూసింది. ఎంత పెద్ద అబద్ధమైనా ఆడటానికి సిద్ధంగా ఉన్నాడు, పాపం, ఒక్కటీ సరిగ్గా ఆడటం రాదు.

"ఆ పేరు నేను ఇరవై రెండేళ్ళు మోశాను శరత్. మీకెందుకా బరువు? వీసా నాది. నేనే లేస్తాను."

తలుపు తెరుచుకుంది. జర్మన్ నోట్లో పడి ఆ పేరు కాస్త నలిగింది గాని, మగపేరని తెలుస్తూనే ఉంది. సహస్ర లేచి, చున్నీ సర్దుకుని, తల ఎత్తుకుని నడిచింది. విక్రాంత్ ఫోను ఒళ్ళోకి జారింది. వెనక ఇంకో కుర్చీ కిర్రుమంది.

"అరే శరత్, నువ్వెందుకు లేచినవ్ రా?"

"ఆమెతోటి వచ్చిన."

లోపల కళ్ళజోడు ఆఫీసరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "కవరు మీద రాసింది మీరేనా?" అని శరత్‌ను అడిగింది. నేనే అన్నాడు. ఇకముందు ఇంకొకరి ఉత్తరాలు ముట్టుకోవద్దని చెప్పి, ఒక కాగితం ముద్ర వేసి ఇచ్చింది. కొత్త వీసా కార్డు వచ్చేదాకా అది చాలు. ఇన్సూరెన్సు ఉంటుంది. ట్రీట్‌మెంటు ఆగదు.

బయటికి వచ్చాక సహస్ర ఆ కాగితం తడవకుండా మడిచి పాస్‌పోర్టులో పెట్టుకుంది.

"ఒక మాట చెప్త," అన్నాడు శరత్. "నాకు మీరంటే ఇష్టం. ఉత్తరం కంటే ముందు సంది."

"సంగతి తెలిశాక కూడా?"

"తెలిసినంక భయం పెరిగింది. ఇష్టం తగ్గలే."

"మీ అమ్మకు చెప్పగలరా?"

అతను వానకేసి చూశాడు. "ఇయ్యాల చెప్పలేను. ధైర్యం చేస్కోవాలె."

అబద్ధం చెప్పనందుకు ఆమెకు అతను ఇంకాస్త నచ్చాడు.

"చేసుకోండి. తొందరేం లేదు. కానీ నేను దాక్కోను శరత్. దాక్కోవడానికైతే ఒంగోల్లోనే గది ఉంది. నా పక్కన నడిస్తే నలుగురి ముందూ నడవాలి."

రోడ్డుకు అటువైపు బస్ షెల్టర్. పని ముగించుకుని వచ్చిన విక్రాంత్, రవి కుమార్ అందులో నిలబడి ఇటే చూస్తున్నారు. శరత్ వాళ్ళను చూశాడు. చెమట పట్టిన అరచేతిని ప్యాంటుకు తుడుచుకుని, ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాడు.

"జరగండ్రా కొంచెం," అన్నాడు. "ఇద్దరం ఉన్నం."

రవి కుమార్ వెంటనే జరిగాడు. విక్రాంత్ కాస్త ఆలోచించి జరిగాడు.