అన్నయ్య వేసిన ఒట్టు

"ఒక్క ముద్ద నాన్నా... మీకు దణ్ణం పెడతాను!" అంది దేవిక కళ్ళనీళ్ళతో. శ్రీరాములుగారు కంచం వంక కూడా చూడలేదు. మతిమరుపు జబ్బుతో అన్నీ మరిచిపోతున్న భార్య వెంకటరత్నమ్మను రాయచూరు ఆశ్రమంలో చేర్పించిన నాటి నుంచీ ఆయనకు ముద్ద దిగడం లేదు. కాలవ కింద వలస రైతులు కట్టుకున్న క్యాంపులో అందరికంటే ముందు నాట్లు వేయించే మనిషి... ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడానికే ఆయాసపడుతున్నారు! అమ్మ ఎలాగూ చేయిదాటిపోయింది, నాన్న కూడా దక్కకుండా పోతారేమోనని దేవిక బెంగ.

"పద, మీ అమ్మను చూసొద్దాం" అన్నారాయన. ఆ మాటంటేనే దేవికకు హడలు. పోయినసారి అమ్మ ఆయన్ని చూసి, "ఎవరో మగాడు గదిలోకొచ్చాడు!" అని కేకలు పెట్టింది మరి! కట్టుకున్న పెళ్ళామే పరాయివాణ్ణి చేస్తే ఏ మొగుడు తట్టుకుంటాడు చెప్పండి?

ఆశ్రమం గుమ్మంలోనే ఆయా హనుమవ్వ ఆపింది. "గిట్ల సక్కగ లోపలికి పోకు పెద్దాయనా! ఆమె బెదురుతది. జర దూరంల కూసో."

ఆయన వరండాలో బల్ల మీద కూర్చున్నారు. అమ్మ గదిలోంచి తొంగి చూసింది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగిపోయింది. "అన్నయ్యా! ఎప్పుడొచ్చావు?"

దేవిక గబుక్కున ముందుకొచ్చింది. భగవంతుడా... మొగుణ్ణి పట్టుకుని అన్నయ్యా అంటోందే! "ఏవండీ" అనడమే తప్ప ఏనాడూ ఆయన పేరైనా పలకని నోటితో! "అమ్మా, కాదే..." అనబోయింది. నాన్న చేత్తో వారించారు. "ఇప్పుడేనమ్మా, బస్సు దిగి వస్తున్నా. బాగున్నావా చెల్లీ?" అన్నారు!

ఎంత మనసుండాలి ఆ మాట అనడానికి! అమ్మ భయం లేకుండా వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.

"మీ బావ రాలేదేం?"

"కాలవ నీళ్ళ వంతు వచ్చింది. పొలం దగ్గరున్నాడమ్మా."

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "పనిలో పడితే ఆయనకి తిండి ధ్యాసే ఉండదు అన్నయ్యా... నేను దగ్గరుండి పెట్టకపోతే పస్తే! నువ్వెళ్ళి తినిపిస్తావా? నా మీద ఒట్టెయ్యి!"

"ఒట్టమ్మా... తినిపిస్తాను."

ఎదురుగా ఉన్న మొగుణ్ణి పోల్చుకోలేని తల్లి, ఆ మొగుడి ఆకలిని మాత్రం మరిచిపోలేదు! ఇదేం బంధం తల్లీ! దేవిక తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

ఇల్లు చేరాక శ్రీరాములుగారు కాళ్ళు కడుక్కుని, తనే పీట వాల్చుకున్నారు.

"మీ అమ్మ మొగుడికి అన్నం పెట్టవే దేవికా" అన్నారు. "పస్తుంటే ఆవిడ ఊరుకోదు..."