చూపుజాడ

2074 నాటికి వీడియోను ఎవరూ నమ్మడం మానేశారు. ఏ మనిషి ఏ మాటన్నట్టయినా ఇంట్లో కూర్చుని అర నిమిషంలో తయారుచేయగలిగే రోజులవి. కోర్టుల్లో వీడియో చెల్లదు. వార్తా ఛానెళ్ళు దృశ్యాలు మానేసి, కళ్ళారా చూశామని ప్రమాణం చేసి చెప్పే మనుషులను ఉద్యోగంలో పెట్టుకున్నాయి.

అందుకే అబద్ధమాడని కొత్త కెమెరా విడుదల అనగానే నలభైమంది కెమెరా నిపుణులు ఆ ఉదయం విశాఖ సాగరతీరంలోని ప్రదర్శనశాలకు వచ్చారు. వాళ్ళలో మంగతాయారు ఒకరు. పన్నెండేళ్ళ క్రితం ఒక కర్మాగారంలో విషవాయువు మధ్య నిలబడి ఆమె తీసిన దృశ్యాలను కల్పితమని కొట్టిపారేశారు. ఆ తరువాత ఆమె మళ్ళీ కెమెరా పట్టుకోలేదు.

కెమెరాను తయారుచేసిన డాక్టర్ నఫీసా వేదిక మీద నిలబడి వివరించింది.

"దీని పేరు నిజదర్శిని. సెన్సర్ మీద పడే ప్రతి కాంతికణానికీ, అంటే ఫోటాన్‌కీ, పడిన క్షణంలోనే ముద్ర పడుతుంది. పైగా కన్ను ఆనించే ఐపీస్ లోపలున్న పరికరం మీ కంటిపాపను గమనిస్తూ, మీరు ఎక్కడ చూస్తున్నారో ఆ చోట ఒక నీలి చుక్క పెడుతుంది. అదే చూపుజాడ. కెమెరా వెనక నిజంగా మనిషి ఉన్నాడనడానికి ఋజువు. ఒక్క ఫ్రేము కోసినా మొత్తం చెల్లదు. ఉంచితే అంతా ఉంచాలి, చెరిపితే అంతా చెరపాలి."

తలా ఒక కెమెరా ఇచ్చి, ఎవరికి నచ్చింది వాళ్ళు తీయమన్నారు. మంగతాయారు కంటికి ఆనించుకోగానే చేతుల్లోకి పాత బలమంతా తిరిగొచ్చింది.

అప్పుడే వేదిక పైన ఒక దీపం ఆరిపోయింది. లైట్ల పని చేసే బంగారయ్యను మేనేజరు తొందరపెట్టడం కెమెరా మైకులోంచి ఆమెకు స్పష్టంగా వినిపించింది.

"బెల్టు నేకుండా ఎలాగ బాబూ?"

"బెల్టు సంగతి తరవాత. ముందెక్కు! గెస్టులందరూ చూస్తున్నారు."

బంగారయ్య నలభై అడుగుల పైకెక్కి అడ్డచట్రం మీద కాలు పెట్టాడు. నలభై కెమెరాలూ అతని వైపే తిరిగాయి. చట్రాన్ని పట్టి ఉంచిన బోల్టు మెల్లగా జారడం మంగతాయారుకు కనిపించింది. జూమ్ చేసింది. ఒక మర. ఇంకో మర. బోల్టు ఊడింది.

బంగారయ్య వేదిక మీద పడిన చప్పుడుకు హాలంతా ఒక్కసారిగా లేచింది.

అంబులెన్సు వెళ్ళగానే కంపెనీ అధిపతి చక్రపాణి మైకు అందుకున్నాడు. "బెల్టు పెట్టుకోమని మావాళ్ళు ఎంత చెప్పినా వినలేదు. చాలా బాధాకరం."

మంగతాయారు కెమెరా తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి చూసుకుంది. "ముందెక్కు" అన్న మాట గంట కొట్టినట్టుంది. కానీ నీలి చుక్క బోల్టు మీద నిలిచిపోయింది. ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో అరవాలని ఆమెకు తోచలేదు. ఫోకస్ ఎంత బాగా పట్టిందో అనుకుంది, అంతే.

చక్రపాణి తలుపు తోసుకుని వచ్చాడు. "మీరూ చూశారన్నమాట. చెరిపేయండమ్మా. నా కోసం కాదు. రేపు లోకమంతా ముందు ఆ చుక్కనే చూస్తుంది."

ఆమె బొటనవేలు చెరిపే మీట మీదికి వెళ్ళింది. అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

బయట పోలీసు ఇన్‌స్పెక్టర్ సాక్ష్యం కోసం కెమెరాలన్నీ తీసుకుంటున్నాడు. అందరూ తలొంచుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఇచ్చి వెళ్ళిపోతున్నారు. ఆఖరున మంగతాయారు ఇచ్చింది.

మర్నాడు ఆమెను స్టేషనుకు పిలిచారు. నఫీసా అప్పటికే అక్కడుంది, ముఖం పీక్కుపోయి.

"ముప్పైతొమ్మిది ఖాళీ అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీదొక్కటే ఉంది."

"అబద్ధమాడని కెమెరా చేశాననుకున్నాను," అంది నఫీసా నెమ్మదిగా. "అందరూ దాని నోరే మూసేశారు."

బంగారయ్య బతికాడుగానీ, నడుము కింద స్పర్శ లేదు. అతని భార్య ఎరకమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ వీడియో వేశాడు. మేనేజరు గొంతు వినపడగానే ఆమె పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఇన్‌స్పెక్టర్ ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకున్నాడు. ఇక కంపెనీ కాదనడానికి లేదు.

తెర మీద బోల్టు జారుతోంది.

"ఆ నీలం సుక్కేటి బాబూ? కదల్దేటి?" అంది ఎరకమ్మ.

ఇన్‌స్పెక్టర్ నఫీసా వైపు చూశాడు. నఫీసా నేల వైపు చూసింది.

మంగతాయారు లేచి నిలబడింది.

"అది నేనమ్మా," అంది.