బిగుసుకున్న నాలుగు గుల్లలు

"ఒక్కటి కూడా పారేయక్కర్లేదు. చూస్తూ ఉండు," అంది తూనీగ, సింకు దగ్గర ఆల్చిప్పల్లాంటి సముద్రపు గుల్లలు కడుగుతూ.

ఆ పిల్లకు అసలు పేరు వేరే ఉంది. ఒక్కచోట కాలు నిలవదని నానమ్మ పెట్టిన ముద్దుపేరే అందరి నోళ్లలో నిలిచిపోయింది.

"అంత నమ్మకమా?" అన్నాడు అన్న, ఉల్లిపాయలు తరుగుతూ. "అయితే పందెం. ఉడికాక నోరు తెరుచుకోని గుల్ల ఒక్కోదానికి ఒక్కో రోజు నువ్వు గిన్నెలు తోమాలి."

"సరే. అన్నీ తెరుచుకుంటే వారమంతా నువ్వు."

గుల్లలను సాయంత్రం తానే కొని తెచ్చింది మరి. చేపలమ్మే అత్త "నిదానంగా చూసి ఏరుకో తల్లీ" అన్నా వినకుండా గుప్పెళ్లతో సంచిలో వేసుకొచ్చింది. ఆ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

నాన్న కుట్టుమిషన్ ఆపి వంటింట్లోకి వచ్చాడు. మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. అమ్మకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో వంట నాన్నదే. త్వరగా అయిపోవాలి, ఒక్క గిన్నెతో తేలిపోవాలి, రుచి మాత్రం తగ్గకూడదు. అందుకే నాన్న ఎక్కువగా ఈ సముద్రపు పులుసే చేస్తాడు.

వెల్లుల్లి, ఉల్లిపాయలు వేగాయి. టమాటాలు మెత్తబడ్డాయి. నీళ్లు మరిగాక నాన్న గుల్లలు వేసి మూత పెట్టాడు.

ఇవాళ ఈ పులుసు కోసం అందరికన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నది నానమ్మ. కడుపులో బాగోలేక వారానికి పైగా మంచం పట్టింది. జావ తప్ప మరొకటి ఎరగదు. అందరితో కలిసి తినొచ్చని డాక్టరు ఇవాళే చెప్పాడు. అప్పటి నుంచి "అయిందా, ఇంకా కాలేదా" అని చిన్నపిల్లలా అడుగుతూనే ఉంది.

ఇంతలో తలుపు చప్పుడైంది. కుట్టిన చొక్కా కోసం ఎవరో వచ్చారు.

"తూనీగా, కాసేపాగి మూత తీసి, తెరుచుకోని గుల్లలేవైనా ఉంటే ఏరి పారేయ్. తర్వాత రొయ్యలూ చేప ముక్కలూ వెయ్," అని చెప్పి నాన్న వెళ్లాడు. అన్న గిన్నెలు, చెంచాలు తీసుకుని బల్ల సర్దడానికి వెళ్లాడు.

తూనీగ మూత తీసింది. గుల్లలన్నీ నోళ్లు తెరిచి నవ్వుతున్నట్టున్నాయి. నాలుగు మాత్రం బిగుసుకుని కూర్చున్నాయి.

నాలుగు రోజులు గిన్నెలు తోమాలి. ఆ పైన అన్న వెక్కిరింత. అది ఎన్ని రోజులుంటుందో ఎవరికి తెలుసు?

అవి తెరుచుకోకపోతే మనమే తెరిస్తే పోలా అనుకుంది. నాలుగింటినీ గరిటెతో బయటికి తీసి, గుడ్డతో పట్టుకుని, చిన్న చాకు మొన దూర్చి తిప్పింది. అంచులు చిట్లాయి గాని, మొత్తానికి తెరుచుకున్నాయి. మళ్లీ పులుసులో పడేసి, మీద రొయ్యలూ చేప ముక్కలూ వేసి కలిపేసింది.

అన్న వచ్చి చెత్తబుట్టలోకి తొంగి చూశాడు. "ఎన్ని?"

"చూశావుగా. ఒక్కటీ లేదు."

అన్న ముఖం మాడ్చుకున్నాడు.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాన్న మొదటి గిన్నె నానమ్మకే ఇచ్చాడు. ఆవిడ ఒక గుల్ల తీసి, లోపలి కండ తిని, రసం జుర్రి, కళ్లు మూసుకుంది. "ప్రాణం లేచొచ్చిందిరా అబ్బాయ్."

అన్నకు ఓటమి ఇంకా మింగుడు పడలేదు. "నాన్నా, అసలు తెరుచుకోనివి ఎందుకు పారేస్తాం? మనమే తెరిచి తినొచ్చుగా?"

"మిగతావన్నీ తెరుచుకుని అదొక్కటే తెరుచుకోలేదంటే, ముందే పాడైపోయిందేమో. బాగానే ఉందేమో కూడా. మనకేం తెలుసు? తిని కడుపు పట్టుకుని కూర్చోవడమెందుకు?"

తూనీగ చేతిలో చెంచా ఆగిపోయింది. నానమ్మ రెండో గుల్ల అందుకుంటోంది. ఆ చేతి ఎముకలు ఇంకా పైకి తేలే ఉన్నాయి.

"నానమ్మా, తినకు." తూనీగ ఆ చెయ్యి పట్టుకుంది. "ఎవరూ తినకండి. నాలుగు తెరుచుకోలేదు. నేనే చాకుతో తెరిచి మళ్లీ అందులో వేశాను."

నాన్న కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేదనిపించింది తూనీగకు.

"చూస్తే గుర్తుపడతావా?" అని అడిగాడు.

"అంచులు చిట్లి ఉంటాయి."

నాన్న పెద్ద పళ్లెం తెచ్చాడు. గుల్లలన్నీ అందులోకి తీసి ఒక్కొక్కటే తిప్పి చూశారు. ఒకటి దొరికింది. కాసేపటికి ఇంకోటి. మూడోది అన్న గిన్నెలో ఉంది. నాలుగోది మాత్రం కనిపించలేదు.

అందరి చూపూ నానమ్మ పక్కనున్న ఖాళీ చిప్ప మీద పడింది.

తూనీగ దాన్ని చేతిలోకి తీసుకుంది. అంచు చుట్టూ మెల్లగా వేలు పోనిచ్చింది. నున్నగా ఉంది. నమ్మకం కుదరక మళ్లీ చూసింది. ఎక్కడా చిట్లలేదు.

"ఇదిగో, దొంగ ఇక్కడుంది," అన్నాడు అన్న. నాలుగోది తూనీగ గిన్నెలోనే, చేప ముక్క కింద దాక్కుంది.

గుండెల మీంచి బండ దించినట్టయింది. అంతసేపూ ఆగిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

"దొరికాక ఏడుస్తావేమే? దొరక్కముందు ఏడవాలి గాని," అంది నానమ్మ, దగ్గరికి లాక్కుని కళ్లు తుడుస్తూ. "దీనివన్నీ తలకిందుల లెక్కలే. అబ్బాయ్, నా పులుసు సంగతేంటి?"

"ఇంకోసారి బాగా మరిగించి తెస్తానమ్మా. ఏరి పారేసేదాకా తెరుచుకోనివీ మిగతావాటితో ఎప్పుడూ కలిసే ఉడుకుతాయిగా. వాటిని తినలేదు, అదే చాలు," అంటూ నాన్న లేచాడు. వెళ్తూ వెళ్తూ తూనీగ తల నిమిరాడు.

తిన్నాక తూనీగ ఎవరూ చెప్పకుండానే సింకు దగ్గరికి వెళ్లింది. "నాలుగు రోజులు నాదే."

"తోమడమే పందెం. తుడవడం గురించి అనుకోలేదుగా," అని అన్న పొడిగుడ్డ తీసుకున్నాడు.

తర్వాతి వారం అమ్మకు మళ్లీ రాత్రి డ్యూటీ వచ్చింది. ఈసారి తూనీగ గుల్లలను ఒక్కొక్కటే చూసి ఏరి తెచ్చింది. చేపలమ్మే అత్త "ఇంత నిదానం ఎప్పుడు నేర్చావే" అని నవ్వింది.

వేగుతున్న వెల్లుల్లిని చూస్తూ ఉండమని నాన్న పక్కగదిలోకి వెళ్లాడు. కానీ తూనీగ తూనీగే కదా. వీధిలో ఐస్‌క్రీమ్ బండి గంట వినబడి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి వెల్లుల్లి నల్లగా మాడి ఉంది.

టమాటాల గిన్నె చేతికందేంత దూరంలో ఉంది. అవి పోసేస్తే నలుపంతా ఎరుపులో కలిసిపోతుంది. ఎవరికీ తెలియదు.

తూనీగ ఆ గిన్నెను పక్కకు జరిపి, స్టవ్ ఆపింది.

"నాన్నా, వెల్లుల్లి మాడగొట్టాను."

పక్కగదిలో కుట్టుమిషన్ ఆగింది.

"ఉల్లిపాయలు వేశావా?"

"ఇంకా లేదు."

"అయితే పోయిందేముంది? మళ్లీ వేద్దాం," అన్నాడు నాన్న. కుట్టుమిషన్ మళ్లీ కదిలింది.

తూనీగ ఊపిరి పీల్చుకుని కొత్త వెల్లుల్లి వలవడం మొదలుపెట్టింది.