చక్రం చుట్టూ పెండ్లి పత్రికలు

ఆదివారం పదకొండు గంటల వేళ హర్షిణి తన రాజ్యంలో స్టూలెక్కి నిలబడి, పై అరలోని స్ప్రే డబ్బాలను తనిఖీ చేస్తోంది.

రాజ్యమంటే మరీ పెద్దదేమీ కాదు. కరీంనగర్ బైపాస్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు రెండు కార్లు పట్టే సిమెంటు గచ్చు. అయితే ఆ షెడ్డు నుదుటి మీద ఎర్రటి అక్షరాలతో 'హర్షిణి కార్ డెకార్స్' అని రాసి ఉంది. ఆరో తరగతి చదువుతున్న హర్షిణికి ఆ బోర్డు ఒక శిలాశాసనం. పని చేసేది బాపు, అంటే తండ్రి మల్లేష్, కావచ్చు, పేరున్నది మాత్రం తనది. కనుక షెడ్డులోని టేపు చుట్టలు, తుడుపు గుడ్డలు, చివరకు వచ్చినవాళ్ళు మరిచిపోయిన పెన్నులు కూడా తనవేనని ఆమె ఎన్నడో తీర్మానించుకుంది. ఆ తీర్మానాన్ని ఎవరూ ఆమోదించలేదు. ఎవరూ ఖండించనూ లేదు.

తనిఖీ సగంలో ఉండగా తెల్ల కారొకటి వచ్చి గచ్చు మీద ఆగింది. ముందు నుంచి ఖానాపూర్ హనుమంతు దిగాడు. వెనుక నుంచి అతని తల్లి శంకరవ్వ, ఒడిలోని గుడ్డ సంచిని పసిబిడ్డలా ఎత్తుకొని, మెల్లగా దిగింది.

"తమ్మీ, చక్రాలు నల్లగ కావాలె. ఇంజన్ ముందటి జాలి మీద మెరిసే పట్టీ గూడ," అన్నాడు హనుమంతు.

"నీ బిడ్డ లగ్గం బండికి నల్ల చక్రాలేందిరా?" అంది శంకరవ్వ.

"గిది పెయింటు కాదు పెద్దమ్మా, రబ్బరు," అన్నాడు మల్లేష్. "డబ్బాలకెల్లి కొడితె పొర లెక్క ఆరుతది. నచ్చకపోతె అరటిపండు తొక్క తీసినట్టు పీకెయ్యొచ్చు. కింద ఉన్న రంగు ఎట్లున్నది అట్లనే ఉంటది."

"పీకేటిదాన్ని పుయ్యుడెందుకు బిడ్డా మరి?"

ఈ ప్రశ్నకు కార్లను అలంకరించే శాస్త్రంలో ఇంతవరకు సమాధానం లేదు. మల్లేష్ నవ్వి తుడుపు గుడ్డ అందుకున్నాడు.

"దిష్టిచుక్క అనుకో అవ్వా," అన్నాడు హనుమంతు. "నాలుగు కాళ్ళకు నాలుగు చుక్కలు. జర జల్ది కానియ్యి తమ్మీ. పొద్దూకకముందే కొండగట్టు అంజన్న గుడికి చేరాలె."

శంకరవ్వ సంచిని బల్ల మీద పెట్టి, కాళ్ళు కడుక్కొని కాసేపు నీడన కూర్చోవడానికి వెనుక నల్లా దగ్గరికి వెళ్ళింది.

"హర్షిణీ," అని పిలిచాడు మల్లేష్, చక్రాన్ని గుడ్డతో తుడుస్తూనే. "అల్మారల పాత పత్రికలున్నయి. ముందటి చక్రానికి పెట్టు."

చక్రం మీద రబ్బరు కొట్టేటప్పుడు తుంపరలు టైరు మీద పడకూడదు. అందుకని చక్రానికీ టైరుకూ నడుమ ఉండే సన్నటి సందులో గట్టి కాగితాలను వరుసగా గుచ్చుతారు. మల్లేష్ షెడ్డులో ఆ పదవి పాత పెండ్లి పత్రికలది. గట్టిగా, నున్నగా ఉండి, ఒక్క పైసా ఖర్చు లేకుండా ప్రతి ఇంటికీ తనంతట తానే నడిచివచ్చే వస్తువు ఈ జిల్లాలో అదొక్కటే కదా.

హర్షిణి ఆ పత్రికలన్నీ చదివింది. అవి ఎప్పుడో అయిపోయిన పెండ్లిళ్ళు. వాటిలోని వధూవరుల పిల్లలు కొందరు ఇప్పటికే ఆమె బడిలో రెండో తరగతి చదువుతుండవచ్చు.

అల్మారా తెరిస్తే, పాత పత్రికలు నల్లబడి, మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కొని కనిపించాయి. ఒక రాణిగారి చక్రానికి ఇవేనా మర్యాద? ఆమె అటూ ఇటూ చూసింది. బల్ల మీద గుడ్డ సంచి నోరు తెరుచుకొని ఉంది. అందులో కొత్త పత్రికల కట్ట ఒకటి నిగనిగలాడుతోంది. షెడ్డులోనే ఉంది గదా! శాసనం ప్రకారం అది తనదే.

ఇరవై పత్రికలు తీసి చక్రం చుట్టూ గుచ్చింది. అవి సూర్యుని చుట్టూ కిరణాల్లా నిలబడ్డాయి.

మల్లేష్ ముక్కుకు గుడ్డ కట్టుకొని మొదటి పూత కొట్టాడు. "మొదటిది మంచు లెక్క పలుచగ పడాలె. కింది మెరుపు జర కనబడాలె. దండిగ కొడితె కారుతది," అన్నాడు. హనుమంతు వంగి నలుపును చూశాడు. మల్లేష్ వంగి పూతను చూశాడు. కాగితాలను చూసే అలవాటున్న మనిషి ఆ గచ్చు మీద ఒక్కతే. ఆమె అప్పటికి తన పనితనాన్ని చూసుకొని మురుస్తోంది.

"పది నిమిషాలు ఆరాలె. మిగతా చక్రాలు తర్వాత. చాయ్ తాగొద్దాం పా అన్నా," అన్నాడు మల్లేష్. మగవాళ్ళిద్దరూ రోడ్డు దాటి పోయారు.

హర్షిణి చక్రం ముందు గొంతుక్కూచుంది. అలవాటు చొప్పున ఒక పత్రికను చదవసాగింది. పేర్ల మీద నల్లటి తుంపర పడింది గానీ, కింద మూలన తేదీ మాత్రం శుభ్రంగా ఉంది.

ఆ తేదీ ఇంకా రాలేదు. రావడానికి మరో పద్దెనిమిది రోజులున్నాయి.

ఆమె మళ్ళీ చదివింది. తేదీ మారలేదు. హర్షిణి జీవితంలో మొదటిసారి ఒక పెండ్లి పత్రిక, పెండ్లి ఇంకా కాకముందే, చక్రానికి కాపలా కాస్తోంది.

రాణులకు ఇటువంటి సమయాల్లో మంత్రులుంటారు. హర్షిణికి భయమొక్కటే మంత్రి. అది వెంటనే సలహా చెప్పింది. ఆమె ఇరవై పత్రికలనూ పీకేసి, అల్మారాలోని పాతవాటిని చక్రానికి గుచ్చింది. నల్లబడినవాటిని కట్ట మధ్యలో దూర్చింది. ఇప్పుడు కట్ట పైనా శుభ్రం, కిందా శుభ్రం. చీకటంతా నడుమనే. ఖానాపూర్ చేరాక గానీ ఎవరూ చూడరు. చూసినా అచ్చు వేసినవాడి తప్పనుకుంటారు. ఇదీ మంత్రిగారి ఆలోచన.

మల్లేష్ తిరిగి వచ్చాడు. చక్రాల మీద, ముందటి పట్టీ మీద ఒకటి తర్వాత ఒకటిగా పూతలు పడుతున్నాయి. శంకరవ్వ బల్ల మీద కూర్చొని, సంచిని మళ్ళీ ఒడిలో పెట్టుకుంది.

"బిడ్డా, నీకు సదువొస్తదా?"

"ఆరో తరగతి, అమ్మమ్మా."

"అయితె గీ కట్టలకెల్లి ఒకటి తీసి సదువు. నాకు అక్షరాలు రావు. ఎట్ల అచ్చయిందో ఇంతవరకు ఎవ్వలూ ఇనిపియ్యలే."

హర్షిణి అన్నిటికన్నా పైనున్న పత్రికను జాగ్రత్తగా తీసింది. "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి కావ్య," అని మొదలుపెట్టింది. "కీర్తిశేషులు రాజయ్య, శ్రీమతి శంకరవ్వ గార్ల మనుమరాలు..."

"ఆగాగు. నా పేరున్నదా?"

"ఉన్నది. బంగారు రంగుల."

"ఏడ? ఏలు పెట్టి సూపియ్యి."

హర్షిణి వేలు పెట్టింది. ఆ వేలి పక్కన శంకరవ్వ తన వేలు పెట్టింది. పత్తి ఏరి ఏరి మొద్దుబారిన వేలది. అది ఆ ఏడు మిల్లీమీటర్ల బంగారం మీద చాలాసేపు నిలిచింది.

"నా లగ్గానికి పత్రికే లేకుండె. రేషన్ కార్డు మీద నా పేరు తప్పు రాసిండ్రు. సక్కగ అచ్చుల పడుడు గిదే మొదలు," అంది. "దేవునికి ఒకటి పెట్టినంక మిగిలినయి నేనే ఇస్త. ఇల్లిల్లు తిరిగి, బొట్టు పెట్టి, గీడ నా పేరున్నది సూడుమని ఏలు పెట్టి సూపిస్త."

హర్షిణికి ఆ ఇండ్లు కనిపించాయి. ఇరవై ఇండ్ల గడపల ముందు శంకరవ్వ నిలబడి, నల్లటి మరక మీద వేలు పెట్టి, నవ్వుతూ 'గీడ' అంటోంది. చదువు రానిది గనుక, అక్కడ పేరు లేదని ఆమెకు తెలియదు. చదువు వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

మంత్రిగారు ఇంకా ఏదో చెప్పబోతున్నారు. రాణి వినలేదు.

"అమ్మమ్మా," అంది. "ఇరవై పత్రికలల్ల నీ పేరు కనబడది."

"ఏమంటున్నవ్ బిడ్డా?"

హర్షిణి కట్ట నడుమ నుంచి వాటిని తీసి బల్ల మీద పరిచింది. "పాతయి బాగలేవని, అడగకుంట నీయి తీసి చక్రానికి పెట్టిన. తర్వాత నేనే నడుమల దాచిన."

రెండు వాక్యాలూ చిన్నవే. రెండోది బయటికి రావడానికి మొదటిదానికంటే ఎక్కువసేపు పట్టింది.

హనుమంతు ఒక్క అంగలో వచ్చాడు. "దాస్తివా? ఇంటికి పోయినంక మేము ఆ ప్రెస్సోణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంటిమి గద! మళ్ళ అచ్చు కావాలంటె నాలుగు దినాలు. దేవుని దగ్గరికి పోయేటప్పుడు గిదేం పరేషాన్?"

మల్లేష్ డబ్బాను కింద పెట్టాడు. కూతురి వైపు చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని హర్షిణికి అనిపించింది. "నేను గూడ కాయితాలు సూడలే అన్నా. తప్పు నాది గూడ," అన్నాడు.

శంకరవ్వ మాత్రం ఒక నల్ల పత్రికను వెలుతురుకెత్తి పట్టి చూస్తోంది. "పీకితె వస్తదంటివి గద. పీకు."

మల్లేష్ గోరుతో గీకాడు. నల్లటి పొడి రాలింది గానీ పొర లేవలేదు. "పలుచటి పూత రాదు పెద్దమ్మా. గీకితె అచ్చు పోతది. రావాలంటె దీని మీద ఇంకా మందంగ కొట్టాలె."

"ఇంకానా!" అన్నాడు హనుమంతు.

"పేర్లన్ని మునిగేదాక. అప్పుడు అంత కలిసి ఒక్క తోలయితది. ఒక్కపారే లేస్తది. పత్రిక నున్నగనే ఉన్నది. లేవాలె మరి."

"లేవకపోతె?" అని నిలదీశాడు హనుమంతు.

"ప్రెస్సుకు నేను పోత. నాలుగో దినం ఖానాపూర్ల మీ ఇంటి ముందట ఉంట."

శంకరవ్వ నల్ల పత్రికలన్నిటినీ కూడదీసి మల్లేష్ ముందుకు జరిపింది. "సరె, కొట్టుండ్రి," అంది. తర్వాత హర్షిణిని చూపించింది. "ఆమెతోనే కొట్టియ్యి."

బాపు తన గుడ్డ విప్పి హర్షిణి ముక్కుకు కట్టాడు. ఇరవై పత్రికలు గచ్చు మీద, ఎండలో, పెండ్లి భోజనాల పంక్తిలా పరుచుకున్నాయి. ఇంతకాలం ఆ డబ్బాను తాకడానికి కూడా బాపు ఒప్పుకోలేదు. అదొక పట్టాభిషేకం అవుతుందని ఆమె ఊహించుకునేది. తీరా ఆ ఘడియ వచ్చాక ఆమె డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది. శంకరవ్వ చూస్తుండగా, శంకరవ్వ పేరు మీదనే, తన చేత్తో నలుపు కొట్టాలి.

కొట్టింది. ఒక పూత, పది నిమిషాలు. మరొక పూత, మరో పది నిమిషాలు. కావ్య మునిగింది. వరుడు మునిగాడు. బంధుమిత్రులందరూ మునిగారు. నాలుగో పూతకు ఇరవై పత్రికలూ ఇరవై పలకల్లా ఉన్నాయి. అవి పూర్తిగా ఆరేదాకా శంకరవ్వ వాటి పక్కనే కూర్చుంది. హనుమంతు తన కొత్త నల్ల చక్రాల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇగ తియ్యి. మూల పట్టు. ఆగకుంట లాగాలె, దబ్బున గుంజద్దు," అన్నాడు బాపు.

హర్షిణి మూల పట్టుకుంది. పొర కొంచెం లేచింది. ఆగకుండా లాగింది. నల్లటి తోలు సాగుతూ, చిన్న చప్పుడు చేస్తూ వచ్చేసింది. కింద వినాయకుడు, ఆయన కింద కావ్య, ఆమె కింద రాజయ్య, శంకరవ్వ వరుసగా బయటపడ్డారు.

"వచ్చింది!" అని అరిచినవాడు హనుమంతు. తర్వాత, అరిచింది తాను కానట్టు దగ్గాడు.

పంతొమ్మిది పత్రికలు అట్లాగే వచ్చాయి. ఇరవయ్యోదాని పొర తీసేసరికి, ఒక్కచోట బంగారు అక్షరాలు కూడా పొరతో పాటు లేచిపోయాయి. పత్రిక మీద రాజయ్య పక్కన ఖాళీ మిగిలింది. పోయినది శంకరవ్వ పేరే. అది నల్ల రబ్బరుకు అంటుకొని, తిరగేసిన అక్షరాలతో మెరుస్తోంది.

హర్షిణి దాన్ని దాచలేదు. రెండు చేతులతో తీసుకొని వెళ్ళి చూపించింది. "గిది ఒక్కటి పోయింది అమ్మమ్మా. నీ పేరే పోయింది."

శంకరవ్వ పత్రికను చూసింది. ఖాళీ ఎక్కడుందో హర్షిణి వేలు పెట్టి చూపించింది. శంకరవ్వ కొంగుముడి విప్పి, చిన్న పొట్లంలోంచి కుంకుమ తీసి, హర్షిణి నుదుట పెట్టింది. ఆ పత్రికను పిల్ల చేతిలోనే ఉంచింది.

"గిది నీది. మీ బాపును, అవ్వను తోల్కొని లగ్గానికి రావాలె. నా పేరు లేకపోతె ఏంది, నీకెరుకే గద."

ఆ నల్ల పొరను మాత్రం మడిచి కొంగున కట్టుకుంది. "నా పేరు దీంట్ల ఉన్నది. ఊకె ఎందుకు పారేసుడు?"

కారు కొండగట్టు దారి పట్టేసరికి పొద్దు ఇంకా రెండు బారల ఎత్తున ఉంది.

తర్వాతి ఆదివారం మరొక కారు వచ్చింది. "హర్షిణీ, లైటు మీద తుంపర పడకుంట కాయితం కట్టు," అన్నాడు మల్లేష్. బల్ల మీద, ఆ కారాయన పక్కనే, మడతపెట్టిన దినపత్రిక ఒకటి ఉంది. షెడ్డు మీద బోర్డు ఎప్పటిలాగే ఎర్రగా మెరుస్తోంది.

హర్షిణి ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది. "అన్నా, గీ పేపరు నీదేనా? తీసుకోవచ్చునా?"

"పాత పేపరు బిడ్డా. తీస్కో."

ఆమె తీసుకుంది. కట్టబోయే ముందు మడత విప్పి తేదీ కూడా చూసింది.

నిన్నటిదే.