వేలికంటే ముందే

ఎస్తేరు వేలు ఇంకా కీబోర్డు మీటను తాకనేలేదు. స్పీకర్‌లోంచి స్వరం వచ్చేసింది.

ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. అద్దాల గోడకి అవతల కూర్చున్న డాక్టర్ తారకేశ్వర్ మైకు దగ్గరికి వంగాడు.

"కంగారు పడకండమ్మా. అది మీరు వాయించిందే. కాస్త ముందుగా వినిపించింది, అంతే."

"నేను ముట్టుకోలేదు కదండీ!"

"ముట్టుకోబోయారు. దానికి అది చాలు."

విశాఖలో సముద్రానికి ఎదురుగా, గుట్ట మీద ఉంది ఆ ప్రయోగశాల. ఎస్తేరు మల్కాపురంలో ఒక చిన్న చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. తను కట్టిన ఆరాధన పాటలు రికార్డు చేసుకుందామని ఆ మధ్య కీబోర్డును ఇంట్లో లాప్‌టాప్‌కి కలిపింది. అంతా సరిగ్గానే ఉంది గాని, మీట నొక్కాక శబ్దం వెంట్రుకవాసి వెనకగా వచ్చేది. భర్త కృపావరం చెవి ఒగ్గి విని, "నాకేం తేడా తెలీట్లేదే" అన్నాడు. ఆమెకి తెలిసేది. మెట్టు దిగబోతే అది ఉండాల్సిన చోట లేనట్టు ఒళ్లు తూలేది. ఆ సంగతి మీద ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో గట్టిగా వాదిస్తుంటే, పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, "ఆ తేడా మీకు నిజంగా వినిపిస్తోందా?" అని ఆత్రంగా అడిగాడు. ఆయనే తారకేశ్వర్. అలాంటి చెవి కోసమే ఆయన వెతుకుతున్నాడు. ఆమె పాటలు తన ప్రయోగశాలలోనే రికార్డు చేసిపెడతానని పిలిచాడు.

కీబోర్డు నుంచి కంప్యూటర్‌కి వెళ్లే కేబుల్‌లో పాట ప్రయాణం చెయ్యదు. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే వెళ్తుంది. కంప్యూటర్ ఆ కబురు అందుకుని, స్వరాన్ని తయారుచేసి స్పీకర్‌కి అందిస్తుంది. ఆ పనికి పట్టే రవ్వంత కాలాన్నే లేటెన్సీ అంటారు. కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేసినా అది సున్నా కాదు. అందుకని తారకేశ్వర్ దారి మార్చాడు. వేలు కదలాలంటే ముందు మెదడు నుంచి నరాల్లో ఆజ్ఞ రావాలి కదా. ఆ ఆజ్ఞను మణికట్టు దగ్గరే పట్టుకునే రెండు పట్టీలు తయారుచేశాడు. వాటికి ప్రీటచ్ అని పేరు పెట్టాడు. వేలు దిగేలోపు కంప్యూటర్‌కి కబురు అందిపోతుంది. పైగా అది వాయించే మనిషి అలవాట్లను నేర్చుకుంటుంది. నేర్చుకున్నకొద్దీ ఇంకా ముందుకు జరుగుతుంది.

మొదట్లో ఎస్తేరుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. శబ్దమూ వేలూ ఒక్కటైపోయాయి. తర్వాత శబ్దం ముందుకు వెళ్లింది. రెండు పాటలు రికార్డయ్యేసరికి, తను వాయించబోయేది తనకే ముందుగా వినిపించసాగింది.

చిక్కు మూడో పాట దగ్గర వచ్చింది. దాని ఆఖరి వరస కిందికి దిగి ముగుస్తుంది. ఆ ఉదయం ఎందుకో ఆమెకి దాన్ని పైకి తీసుకెళ్లి వదలాలనిపించింది. తీరా అక్కడికి వచ్చేసరికి స్పీకర్ కిందిస్వరమే పలికింది. ఆమె వేలు బుద్ధిగా వెళ్లి ఆ మీట మీదే వాలింది.

మళ్లీ వాయించింది. మళ్లీ అదే స్వరం, అదే మీట.

"డాక్టర్ గారూ, ఇది నన్ను నా ఇష్టానికి వెళ్లనివ్వట్లేదు."

"అది మిమ్మల్ని ఆపదమ్మా. మీ నిర్ణయాన్నే వినిపిస్తుంది."

"నా నిర్ణయం పైస్వరం."

"అలా అనుకున్నారు. చేతికి చెప్పింది మాత్రం కిందిస్వరం."

ఎస్తేరు పళ్లు బిగించి మరోసారి మొదలుపెట్టింది. ఆఖరి వరస వస్తుందనగా రెండు చేతులూ మీటల మీంచి ఎత్తేసి ఒళ్లో పెట్టుకుంది. వాయిద్యం ఊరుకుంటుందనుకుంది. ఊరుకోలేదు. స్పీకర్లోంచి పాట సాగుతూనే ఉంది. ఆమె మనసులో అది నడుస్తోంది మరి. ఒళ్లో ముడుచుకున్న వేళ్లకి ఆజ్ఞలు అందుతూనే ఉన్నాయి. పాట ఆగాలంటే తన లోపల ఆగాలి. ఆగు, ఆగు అని తనకి తను ఎంత గట్టిగా చెప్పుకుంటే అది అంత స్పష్టంగా పలికింది. కిందిస్వరం దాకా దిగి, మర్యాదగా ముగిసి, మళ్లీ మొదటికొచ్చి ఎత్తుకుంది.

అద్దం అవతల తారకేశ్వర్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

"విప్పండి!" అని అరిచింది ఎస్తేరు. "వీటిని విప్పండి, మీకు దణ్ణం పెడతాను!"

పట్టీలు చర్మానికి జిగురుతో అంటుకుని ఉన్నాయి. సహాయకురాలు వచ్చి తడిగుడ్డతో నెమ్మదిగా ఊడదీసేదాకా పాట తిరుగుతూనే ఉంది. ఎస్తేరు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. అద్దాల గది తలుపు తెరిచే ఉంది. ఆమెకి మాత్రం ఎటూ దారి కనపడలేదు.

రికార్డింగ్ అద్భుతంగా వచ్చింది. తారకేశ్వర్ దాన్ని పెద్ద సభలో వినిపించి మెప్పు పొందాడు. ఎస్తేరు ఆ సభకి వెళ్లలేదు.

ఆదివారం చర్చిలో పాస్టర్ గారు ప్రార్థన ముగించి, పాట అన్నారు. సంఘమంతా లేచి నిలబడింది. ఎస్తేరు కీబోర్డు మీదికి చేతులు చాపింది. వేళ్లు మీటల మీద గాలిలో నిలిచిపోయాయి. అవి ఎదురుచూస్తున్నాయి. ముందు శబ్దం రావాలి, తర్వాత తాము దిగాలి. శబ్దం రాలేదు. ఇది మామూలు కీబోర్డు, నొక్కితేనే పలుకుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, చేతులకి తెలియట్లేదు. బలవంతంగా కిందికి నెట్టబోతే మోచేతుల దాకా కొయ్యబారిపోయాయి. జనం దగ్గారు. కృపావరం తల ఎత్తి ఆదుర్దాగా చూశాడు.

ముందు వరసలో మార్తమ్మ అని ఒక ముసలావిడ ఉంటుంది. శ్రుతికీ ఆవిడకీ పరిచయం లేదు. ఎవరికోసమూ ఆగే మనిషి కాదు. విసుగొచ్చి తన పద్ధతిలో తను ఎత్తుకుంది.

ఆ గొంతు వినపడగానే ఎస్తేరు వేళ్లు టక్కున దిగాయి. మార్తమ్మ వెళ్లిన చోటికల్లా వెళ్లాయి. ఆవిడ అపశ్రుతి పడితే అపశ్రుతి పట్టాయి, ఆవిడ సాగదీస్తే సాగదీశాయి. వెంట్రుకవాసి తేడాకి దుకాణంలో పోట్లాడిన మనిషి, సంఘమంతా వింటుండగా, మార్తమ్మకి అరమాత్ర వెనకగా వాయిస్తూ చెమటలో తడిసిపోయింది.

సోమవారం తారకేశ్వర్‌కి ఫోన్ చేసింది.

"కొన్నాళ్లకి పోవచ్చమ్మా," అన్నాడాయన ఆలోచిస్తూ. "ఖచ్చితంగా చెప్పలేను. అంతదాకా పట్టీలు పంపించమంటారా? అవి కట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు."

ఎస్తేరు ఫోన్ పెట్టేసింది.

వారాలు గడిచాయి. అలవాటు పోలేదు. ఇప్పుడు ఆ చర్చిలో ప్రతి పాటా మార్తమ్మే ఎత్తుకోవాలి. ఇన్నాళ్లకి తన గొంతు విలువ తెలిసిందని ఆవిడ మురిసిపోతోంది. ఎస్తేరమ్మ తగ్గింపు మనసును చూసి నేర్చుకోమని పాస్టర్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఎస్తేరు తల వంచుకుంది.

మొన్న ఆదివారం చరణం మధ్యలో మార్తమ్మకి పొలమారింది. పాట ఆగింది. కీబోర్డూ ఆగింది. సంఘమంతా నోళ్లు తెరుచుకుని నిలబడిపోయింది. మార్తమ్మ నీళ్లు తాగి, పైటకొంగుతో మూతి తుడుచుకుని, వెనక్కి తిరిగింది.

"నువ్వెందుకు ఆపావే? కానియ్యి!"

ఎస్తేరు చేతులు గాలిలోనే ఉన్నాయి.

"మీరు పాడండి పెద్దమ్మా," అంది, బతిమాలుతున్నట్టు.