మర్యాదగా పిలిచే టిన్నుగూడు

పేరేసంద్ర దాటి బాగేపల్లి దోవ పట్టుకుంటే, ఎడమపక్క రాతిగుట్టకు వీపానించుకొని ఒక టిన్నుగూడు ఉండేది. పొద్దుగూకితే ఆ దిక్కు కాకి కూడా ఎగిరేది కాదు. బస్సు డ్రైవర్లు అక్కడ హారన్ కొట్టరు — కొడితే లోపలుండేది తననే పిలిచినారనుకొని ఎక్కి కూచుంటాదని. ఒక దున్నపోతు ఆ గూటి నీడ తొక్కి, వారం దినాలు ఆవుమాదిరి అరిచిందంట. నవ్వొద్దు. ఆ అరుపు విన్నోళ్లు ఇంకా బతికే ఉండారు.

ఆ గూడు ఒకప్పుడు టెంటు సినిమాకు బొమ్మ వేసే మిషను గది. ఆపరేటరు పేరు మునివెంకటప్ప. రీలుకు నిప్పంటుకుంటే టెంటంతా గడ్డివామి మాదిరి పోతాదని, యజమాని లోపల ఒక తాడు కట్టించినాడు. తాడు లాగితే బొమ్మ బయటికి పడే కంతల మీద ఇనుపరేకులు దబ్బున పడతాయి. తలుపు మూసుకుంటాది. బయటపక్క ఇనుపపట్టీ దానంతట అదే పడి గడియ బిగుస్తాది.

లోపలి నుంచి తీసే దోవ లేదు. ఆపరేటరు బెదిరి తలుపు తీస్తే మంట జనం మీదికొస్తాదని ఆ ఏర్పాటు.

ఒకనాడు రీలు అంటుకుంది. మునివెంకటప్ప తాడు లాగినాడు. జనం బతికినారు. ఆయప్ప మాత్రం...

"తలుపు తియ్యండప్పా... రవంత తలుపు తియ్యండమ్మా..." అని పిలుస్తానే పొగలో పోయినాడు. పారిపోయే జనానికి ఏమి వినిపిస్తాది?

అప్పటినుంచీ రాత్రయితే గూట్లో అదే పిలుపు. ఆ ఊరి తల్లులు బిడ్డలకు నడక కంటే ముందు నేర్పేది ఒక్కటే — టిన్నుగూడు ఎంత మర్యాదగా పిలిచినా పలకొద్దు.

కొన్నేండ్లకు బాగేపల్లి నూనె వ్యాపారి సుబ్బరాయప్ప అక్కడే మళ్లీ టెంటు వేసినాడు. గూడు ఊరికే దొరికింది కదా! చింతామణి దిక్కు నుంచి లక్ష్మణప్ప అనే ఆపరేటరును పిలిపించినాడు. ఎట్లాంటి మనిషి ఆయప్ప! చీమ కుడితే చీమకే చెయ్యెత్తి మొక్కి, పక్కకు జరిగేవాడు. పెండ్లయి మూడేండ్లయినా పెండ్లాం మునిరత్నమ్మను 'ఏమే' అని పిలిచిన పాపాన పోలేదు.

తాడూ గడియా చూసి మెల్లగా అడిగినాడు. "అప్పా, లోపల కూడా ఒక గడియ పెట్టిస్తే..."

"పెడితే నువ్వు పారిపోతావు! టెంట్లో జనం గతేం కావాల?"

లక్ష్మణప్ప ఒక గోనెపట్టా తడిపి మిషను పక్కన పెట్టుకున్నాడు. ఎదురాడేది ఆయప్పకు చాతకాదు.

మొదటి ఆట. బొమ్మ మీది ఆశతో జనం దెయ్యాన్ని మరిచి వచ్చినారు. ఆడోళ్ల పక్క మునిరత్నమ్మ కూచోనుండాది. పక్కనే శెనక్కాయలమ్మే చిక్కమ్మ గంప పెట్టుకొని. తెర మీద ఆంజనేయస్వామి సముద్రం దాటుతాండాడు...

ఉన్నట్టుండి స్వామి ఆకాశంలో నిలిచిపోయినాడు.

మిషన్లో రీలు ఇరుక్కుంది. స్వామి రొమ్ము మీద ఒక ఎర్రమచ్చ... అది బుడగలు బుడగలుగా పొంగి, అంచులు నల్లగా ముడుచుకొని... "లంక అప్పుడే అంటుకునింది!" అని జనం దండాలు పెట్టినారు.

లోపల లక్ష్మణప్ప చేతి పక్కనే మంట లేచింది.

తాడు పట్టుకున్నాడు. అది లాగితే ఏమైతాదో ఆయప్పకు తెలుసు. కంతలోంచి చూస్తే, ముందు వరసలో మునిరత్నమ్మ కొప్పులో కనకాంబరాలు...

లాగినాడు.

దబ్! దబ్! రేకులు పడినాయి. తలుపు మూసుకుంది. ఆమీద బయటనుంచి, తీరిగ్గా — టక్.

తడిపి పెట్టుకున్న గోనెపట్టా మంట మీద వేసి అదిమినాడు. మంట చచ్చింది. పొగ చావలేదు. చీకట్లో గొంతులోకి, కండ్లల్లోకి ఎక్కతానే ఉంది. కాలు చాపితే టిన్ను, చెయ్యి చాపితే టిన్ను. అంతా కాలిన పెనం. తలుపు తోసినాడు. గుద్దినాడు.

"తలుపు తియ్యండప్పా... రవంత తలుపు తియ్యండమ్మా..."

ఆ మాట తన చెవికే పడింది. అవే మాటలు. ఊరంతా చెప్పుకునే ఆ మునివెంకటప్ప మాటలే.

ఆ పిలుపు విని పరుగెత్తే జనం కాళ్ల చప్పుడు బయట దూరమయింది. తలుపుకు కొంచెం ఎడంగా గుసగుసలు మిగిలినాయి.

"అది మా ఆయన గొంతే, చిక్కమ్మా..."

"పోవద్దే! నీ మొగుడు తలుపు పడకముందే బయట కరెంటు ఇంజిను దిక్కు దూకేసుంటాడు. ఇది ఆ చచ్చిన మునివెంకటప్ప. ఎవురి గొంతు కావాలంటే ఆ గొంతు వేసుకుంటాది."

"మునిరత్నమ్మా... నేనేనమ్మా... దయచేసి..." లోపలినుంచి దగ్గుతా పిలిచినాడు.

"విన్నావా? ఎంత మర్యాదో! బతికుండే మొగుడు పెండ్లాన్ని ఇట్ల పిలుస్తాడా?"

లక్ష్మణప్ప మోకాళ్ల మీద కూలబడినాడు. ఇంక పిలిచే ఊపిరి కూడా లేదు. అప్పుడు వెనకపక్క నుంచి, చెవి దగ్గిర, ఎవురో మెల్లగా...

"మర్యాదగా పిలిస్తే ఈడ ఎవురూ తియ్యరప్పా. తిట్టు."

ఎవురో రేకు సందులో నోరు పెట్టి చెప్తాండారనుకున్నాడు. తిట్టు? ఏమని తిట్టేది? పుట్టినప్పటినుంచీ ఎవుర్నీ తిట్టింది లేదే... మూడేండ్లుగా గొంతులో అడ్డం పడుండేది ఒకటి మాత్రం గుర్తొచ్చింది. ఉండే ఊపిరంతా కూడగట్టుకున్నాడు.

"ఒసేయ్ మునిరత్నా! నువ్వు చేసే సంగటి మీ నాయిన తలకాయ కంటే గట్టిగుంటాదే! ఉలి పెట్టి కొట్టినా పగలదే! మూడేండ్లుగా మింగి మింగి నా మెడ కొంగ మెడ అయిందే!"

ఆ అరుపుకు నంది కొండ మీద కోతులు ఉలిక్కిపడి లేచినాయంట.

మునిరత్నమ్మ రొమ్ము బాదుకుంది. "ఓయమ్మో! నా మొగుడే! దెయ్యానికి నా సంగటి సంగతి ఎట్ల తెలుస్తాది!"

చిక్కమ్మను ఒక్క తోపు తోసింది. గంప ఎగిరి, శెనక్కాయలు గుడిబండ ఊరి దాకా రాలినాయి. ఇనుపపట్టీ కాల్తాంటే కొంగు చుట్టుకొని పీకేసింది. పొగతోపాటు లక్ష్మణప్ప బయటికి దొర్లినాడు.

దగ్గి, నీళ్లు తాగి, కండ్లు తుడుచుకొని మొదట అడిగింది ఇది: "వెనకపక్క నుంచి తిట్టమని చెప్పిన మహానుభావుడు యాడ?"

చిక్కమ్మ లాంతరు ఎత్తి చూపించింది.

గూటి వెనక రాతిగుట్ట. టిన్నుకూ రాతికీ మధ్య బల్లి దూరేంత సందు కూడా లేదు.

సుబ్బరాయప్ప నోరెత్తేలోపల, లక్ష్మణప్ప ఒక రాయి తీసుకొని ఆ గడియను తుక్కు తుక్కు చేసినాడు. తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. చీకట్లోకి చూసి, జన్మలో రెండో తిట్టు తిట్టినాడు —

"ఒరే మునివెంకటప్పా! బుద్ధిలేనోడా! ఇంకా ఎన్నేండ్లు కూచుంటావురా లోపల? తలుపు తీసుండాది. లేసి రా!"

గాలి లేదు. చెట్టాకు కదల్లేదు.

లక్ష్మణప్ప భుజాన్ని రాసుకుంటా, వెచ్చగా, పొగవాసనతో... ఏదో బయటికి నడిచిపోయింది.