పది నలభై గ్రాఫ్

హార్న్ మాయమైంది.

మూడడుగుల చెక్క హార్న్. ఆ స్పీకర్ల వర్క్‌షాప్‌లో ఆర్నెల్ల కష్టం. దాని వెనక బిగించే డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే ముక్క మాత్రం బల్ల మీద మిగిలింది.

"పదకొండింటికి లోపలికెళ్ళింది వడ్రంగామె ఒక్కతే. స్టేషన్‌కి తీసుకుపొండి," అన్నాడు ఓనరు ఇన్‌స్పెక్టర్‌తో.

వడ్రంగామె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా చేత్తో చెక్కినదాన్ని నేనే ఎత్తుకుపోతానా మేడమ్? నేను జైలుకెళ్తే నా పిల్లల గతేంటి?"

ఇన్‌స్పెక్టర్ ఆమెకి కుర్చీ చూపించి, స్పీకర్లు కొలిచి చూసే టెస్టరు వైపు తిరిగింది. అరవై దాటిన మనిషి. చొక్కాకి పై గుండీ ఊడింది. కుట్టిపెట్టే దిక్కు ఉన్నట్టు లేదు.

"హార్న్ ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"పది నలభైకి. డ్రైవర్‌కి బిగించి కొలిచాను. ఇదిగో గ్రాఫ్, టైమ్ కూడా అచ్చయింది. తర్వాత బయటికెళ్ళాను."

"ఏం కొలుస్తారు?"

ఆయన కళ్ళు వెలిగాయి. పాపం, ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళెవరు?

"రెజొనెన్స్ అమ్మా! డ్రైవర్ ఒంటరిగా ఉంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర పట్టపగ్గాల్లేకుండా ఊగుతుంది. గ్రాఫ్‌లో గీత సూదిలా లేస్తుంది. హార్న్ బిగిస్తే అందులో గాలి దాన్ని అదిమిపడుతుంది. సూది కాస్తా గుట్టవుతుంది. మిగిలిన పొగరు, వెనక డొల్లలో ఉన్ని కూరి అణుస్తాం."

అరగంట చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ ఆపలేదు. ఆమె ఇంట్లోనూ మాట్లాడేవాళ్ళు లేరు.

తర్వాత గ్రాఫ్ ఆయన ముందుకు జరిపింది. "మరి ఇందులో సూది ఉందేం?"

టెస్టరు గ్రాఫ్ మీదికి వంగాడు.

"పది నలభైకే హార్న్ లేదు. అప్పటికి ఈమె ఇంకా రాలేదు. గదిలో ఉన్నది మీరొక్కరే."

"స్టోర్‌లో ఉందమ్మా," అన్నాడాయన. "నా దుప్పట్లో చుట్టి పెట్టాను."

"గ్రాఫ్ మార్చేస్తే దొరికేవారు కాదుగా?"

"నోటితో అబద్ధమాడాను. ముప్పయ్యేళ్ళలో తప్పుడు గ్రాఫ్ మాత్రం ఇవ్వలేదు."

"ఎందుకు దాచారు?"

"ఇదే ఆఖరి ఆర్డర్, పూర్తయితే వర్క్‌షాప్ మూసేస్తారు. ఇంట్లో నన్ను పలకరించే నాథుడు లేడు. ఇంకో నాలుగు రోజులు నడుస్తుందనుకున్నాను."

వడ్రంగామె లేచింది. "రోజూ టీ తెచ్చి కబుర్లు చెప్పేది నేనే కదా బాబాయ్? నన్నే దొంగని చేశావా?"

"నీ మీదికొస్తుందనుకోలేదు తల్లీ."

"వచ్చాక? అప్పుడైనా నోరు విప్పావా?"

ఆమె ఉలులన్నీ సంచిలో వేసుకుంది.

"తల్లీ," అని మళ్ళీ పిలిచాడు.

ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.